బ్యారన్ కాడ రాత్రులు

8 డిసెంబరు 2024, ఆదివారం

ఫెంగల్ వాన వెలిసి వారమైంది. కట్టె మాత్రం ఇంకా తేరుకోలేదు. ఎండాకాలంలో కొట్టించి పేర్చిన చిల్లకంప అది. పైన టార్పాలిన్ కప్పాం గానీ, గాలికి ఒక మూల లేచిపోయి అడుగు వరసలన్నీ నీళ్ళు తాగాయి. రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి కొట్టి చూశాను. ఎండిన కట్టె ఖంగుమంటుంది. ఇది మొద్దుగా మోగింది. గొడ్డలితో చీలిస్తే నడిమధ్య కూడా చల్లగా తగిలింది.

పచ్చి కట్టె కాల్చడమంటే ముందు దానిలోని నీళ్ళు కాచి, ఆ తర్వాత మిగిలిన వేడి బ్యారన్‌లో ఆరే పొగాకుకు పెట్టడం. అప్పుడే కొట్టిన చెట్టులో బరువుకి సగం దాకా నీళ్ళే ఉంటాయి. కాటా మీద ఆ నీళ్ళకి కూడా మనమే డబ్బులిస్తాం.

మధ్యాహ్నం ఇద్దరు మనుషుల్ని పెట్టి మోపులన్నీ విప్పించాను. నేలకి తగలకుండా కింద రాళ్ళు పేర్చి, గాలి ఆడేట్టు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస. జామాయిల్ వేరే పేర్చాం. దానికి బెరడు తీస్తే తొందరగా ఆరుతుంది. చిల్లకంపకి ఆ పని పెట్టుకుంటే ముళ్ళతో చేతులు పోవడం తప్ప ఫలితం లేదు. కానీ నిప్పు నిలిచేది చిల్లకంపకే. జామాయిల్ భగ్గుమంటుంది, అంతలోనే బూడిద.

15 డిసెంబరు, ఆదివారం

పొగగొట్టాల పరీక్ష. పట్టపగలు ఎంత చూసినా రంధ్రాలు కనపడవు. చీకటి పడ్డాక బ్యారన్ తలుపు మూసి, వైరుకి బల్బు కట్టి గొట్టం లోపలికి తోశాను. పొయ్యికి ఆనుకున్న మొదటి గొట్టం నిండా చుక్కలు చుక్కలుగా వెలుగు. రెండోదాని అతుకు పొడుగునా సన్నటి గీత. మిగిలినవి ఈ ఏడాదికి పనికొస్తాయి.

ఈ రంధ్రాలతో రెండు నష్టాలు. పొగ లోపలికి కారితే ఆకు నల్లబారి, కొనేవాడు ముక్కు దగ్గర పెట్టుకోగానే పక్కన పెడతాడు. రెండోది, పొగగొట్టం లాగే గాలి పొయ్యి లోంచి కాకుండా ఈ కంతల్లోంచి వచ్చేస్తుంది. అప్పుడు మంట మందగిస్తుంది, మంట మందగించిందని ఇంకో దుంగ పడుతుంది.

ఆత్మకూరులో వెల్డింగ్ షాపు అతను మొదటి గొట్టానికి కొంచెం మందం రేకు వెయ్యమన్నాడు. వేయిస్తున్నాను. పొయ్యికి దగ్గరున్న గొట్టమే ఎర్రగా కాలేది, ముందు చచ్చేది అదే.

నాయన ఈ బ్యారన్ కట్టించింది వేలంపాటలు మన రాష్ట్రానికి వచ్చిన కొత్తలో, 1985 ప్రాంతంలో. పదహారడుగుల చదరం, ఇటుక గోడ, పైన రేకులు. గొట్టాలు ఎన్నోసార్లు మారాయి, గోడ మాత్రం అదే. 2000-01లో పొగాకు బోర్డు పంట విరామం అన్నప్పుడు ఆ ఏడంతా ఇందులో మేకలు కట్టేశాం. గోడ అడుగున వాటి మరక ఇప్పటికీ పోలేదు.

22 డిసెంబరు, ఆదివారం

కప్పు పని అయింది. రేకుల కింద ఇనప చట్రం, దానిమీద గ్లాస్ ఊలు పరుపులు, కింద మళ్ళీ పలచటి రేకు. గోడకీ కప్పుకీ మధ్య పిడికిలి పట్టేంత సందులుండేవి, వాటిని మట్టి, ఇటుక ముక్కలతో మూయించాను. గ్లాస్ ఊలు మోసిన కుర్రాళ్ళు సాయంత్రం దాకా గోక్కుంటానే ఉన్నారు. అమ్మ వాళ్ళకి కొబ్బరి నూనె ఇచ్చి, నన్ను మాత్రం తిట్టింది: "పొయ్యి బాగుచేస్తానని అటక బాగుచేస్తుండావేందిరా?"

వేడి పైకే పోతుంది కదమ్మా అన్నాను. ఆమెకి రుచించలేదు.

రాత్రి మిన్నెసోటా నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో నేలమాళిగలో కట్టెల ఫర్నేసు పెట్టించుకున్నాడంట. దాని చుట్టూ రేకు తొడుగు, ఫ్యాను గాలిని ఆ తొడుగులోంచి తోలితే గొట్టాల ద్వారా గదులన్నిటికీ వెచ్చదనం. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి పోయినా లోపల బనీనుతో తిరుగుతున్నాడు. "మామయ్యా, అచ్చం మన బ్యారన్ లాగే" అని నవ్వాడు.

నిజమే. మా వైపు పొయ్యి పెట్టి వెచ్చబెట్టే ఇల్లు అదొక్కటే, అందులో మనుషులుండరు. మే నెలలో ఉదయగిరి, ఆత్మకూరు ఎట్టా ఉడికిపోతాయో తెలిసినవాడికి ఇంటికి కొలిమి అంటే నవ్వే వస్తుంది. కానీ వాడు చెప్పిన ఒక మాట రాసి పెట్టుకోవాలి. అక్కడ 1988 నుంచే కట్టెల పొయ్యిల పొగకి ప్రభుత్వం హద్దు పెట్టింది, 2015లో ఇంకా బిగించింది. అందుకని కంపెనీలు పొయ్యి మారుస్తూ వచ్చాయి. వచ్చే పొగని మళ్ళీ వేడి గాలితో కలిపి పైన ఇంకోసారి మండిస్తారంట. పొగ అంటే కాలకుండా పోతున్న కట్టే అని వాడి మాట. కట్టెలో తేమ నూటికి ఇరవై దాటితే పొయ్యిలో పెట్టనే పెట్టడు, చూడ్డానికి చిన్న మీటరు కూడా ఉంది. నాకు రెండు ముక్కలు కొట్టి వినే చెవి చాలు అన్నాను గానీ, వచ్చేటప్పుడు ఆ మీటరు ఒకటి తెమ్మన్నాను.

3 జనవరి 2025, శుక్రవారం

ఉదయగిరి, అక్క వాళ్ళిల్లు. తెల్లారుజామున కొండ మీద నుంచి దిగే చలి డిసెంబరు కన్నా ఎక్కువగా ఉంది. పెరట్లో రాగి బాయిలర్ పొగ. బావ స్నానానికి దానిలో వేసేది కొబ్బరి మట్టలు, కంది కట్టె. నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. గుప్పెడు పుల్లలతో రెండు బకెట్లు కాగుతున్నాయి. నిప్పు ఎటు చూసినా దానికి నీళ్ళే ఎదురవుతాయి గనక వేడి అంతగా వృథా పోదు. మన బ్యారన్‌లో ఆ గొట్టం ఎంత పొడుగ్గా తిరిగితే అంత మంచిదని నాయన అనేవాడు, ఇందుకే కాబోలు.

పొద్దు ఎక్కాక చెక్క చెంచాలు చేసేవాళ్ళ వీధికి పోయాను, చెక్క ముక్కలు దొరుకుతాయేమోనని. దొరకలేదు. వాళ్ళ దగ్గర మిగిలేది ఆకురాయి పొడి, గుప్పెడు తునకలు. ఒక పెద్దమనిషి నర్ది చెక్క ముక్క ఒకటి చేతిలో పెట్టాడు, దంతంలా నున్నగా ఉంది. దాంట్లోంచి ఆరు ఫోర్కులు తీస్తానన్నాడు ఆ పెద్దమనిషి, ఒక్కోదాని పిడి మీద చుక్కల పని. నా పొయ్యిలో అలాంటి ముక్క ఎంతసేపు నిలుస్తుందో చెప్పబుద్ధి కాలేదు. అక్క కోసమని ఒక గరిటె కొన్నాను. ఆమె దాన్ని చూసి, "ఉదయగిరిలో ఉండేదాన్ని నేనా, నువ్వా?" అంది.

9 జనవరి, గురువారం

నిన్న పొద్దుగుంకేలోపు ఆకు ఎక్కించాం, మొదటి రెలుపు, అంటే తొలి కోత. అల్లిన కర్రలు పై వరసల నుంచి కిందకి. రాత్రి పెంచలయ్య మామ నిప్పు వేశాడు.

ఆయన మా బ్యారన్‌కి నాయన రోజుల నుంచి మంట కాస్తున్నాడు. థర్మామీటర్లు రెండున్నాయి, ఒకటి మామూలుది, ఇంకోదాని బల్బుకి తడిగుడ్డ. నేను వాటినే నమ్ముతాను. ఆయన అరచెయ్యి గోడకి ఆనించి, చూపు కంత దగ్గర ముక్కు పెట్టి, "ఇప్పుడు తొంబై అయిదుండాల" అంటాడు. చూస్తే తొంబై ఆరు. ఈ పనిలో అందరం ఫారన్‌హీటే మాట్లాడతాం.

మొదటి రెండు రోజులు ఆకు పండాలి. అంటే చావకుండా పసుపు పచ్చ కావాలి. వేడి 95 నుంచి 100 దగ్గరే ఉండాలి, లోపల తేమ నిండుగా ఉండాలి. తొందరపడి ఎగదోస్తే పచ్చదనం అట్టే గట్టిపడి ఇక ఎన్నాళ్ళు కాల్చినా పోదు. పండాక గంటకి ఒకటి రెండు డిగ్రీల లెక్కన పెంచుకుంటూ 130 దాటించి ఆకు ఆర్చాలి. చివర 160 పైన ఈనె ఎండాలి. ఈనె వంచితే పుటుక్కున విరగాలి. అంతా అయిదారు రోజుల పని. రాత్రీ పగలూ తేడా లేదు.

మేమిద్దరం గొడవ పడింది తలుపు దగ్గర. ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. నిలువెత్తు దుంగ సగం లోపల, సగం బయట, పొయ్యి తలుపు బార్లా తెరిచి. నేను ఈసారి కట్టె మూరెడు ముక్కలు కోయించి, తలుపు మూయించి, కింద బూడిద గుంట దగ్గర జారుడు రేకు పెట్టించాను, గాలి ఎంత కావాలంటే అంతే పోయేటట్టు.

"మూరెడు ముక్కలైతే తెల్లార్లూ ఎగదోసేది ఎవురబ్బయ్యా? బారు దుంగ పెడితే అదే కాలుకుంటా లోపలికి పోద్ది. నడుమ నడుమ ఒక తన్ను తంతే సరి."

"తలుపు తెరిచి పెడితే గాలంతా మంటని తోసుకుని గొట్టంలోకి పోతుంది మామా. వేడి కూడా దాంతోనే పోతుంది."

"పోనీలే. అడివి ఉండాది."

అడివి ఎక్కడుంది అనాలనుకున్నాను. మర్రిపాడు దాకా పోయినా కనపడేది జామాయిల్ తోటలు, చిల్లకంప. పెద్ద చెట్టు కనపడితే దానికింద అమ్మవారి రాయి ఉంటుంది, అందుకే బతికింది.

12 జనవరి, ఆదివారం

తెల్లారి అయిదున్నర. మంచు బాగా పడింది. మిద్దె ఎక్కి చూస్తే, పక్కింటి బ్యారన్ రేకులు పొడిగా, ఎండలో పెట్టినట్టు ఉన్నాయి. అది కూడా నాలుగో రోజు కాలుతోంది. మా బ్యారన్ రేకుల మీద మంచు బొట్లు నిండా నిలిచి అంచు నుంచి కారుతున్నాయి. వాళ్ళ కప్పు కింది నుంచి వెచ్చబడి మంచుని ఆరగొట్టేస్తోంది, మాది చల్లగా ఉంది. ఇంతకన్నా ఏ మీటరూ చెప్పదు. అమ్మని మిద్దె ఎక్కించి చూపిద్దామంటే మోకాళ్ళు.

పక్కింటాయన్ని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే మీ రేకులు తుప్పు పడతాయి" అన్నాడు. అదీ నిజమే.

13 జనవరి, భోగి

ఊరంతా వీధుల్లో మంటలు. నాకు మా మంటే ఎక్కువైంది. లోపల 162. ఈనె దశలో నిద్రపోకూడదు. ఎండిన ఆకు ఒక్కటి జారి ఎర్రబడ్డ గొట్టం మీద పడిందంటే చాలు, అల్లిన కర్రలన్నీ అంటుకుంటాయి. ప్రతి ఏడాదీ ఎక్కడో ఒక బ్యారన్ ఇట్టా పోతానే ఉంటుంది. గొట్టాల మీద ఇనప జల్లెడ కొత్తది పరిపించాను. మామ చేతికి భోగి రోజు కొత్త పంచె ఇస్తే, మసి అంటుతుందని ఇంటికి పంపించేశాడు.

15 జనవరి, కనుమ

ఆకు దిగింది. రంగు బాగుంది, చాలావరకు నిమ్మపండు పసుపు. కానీ పై వరసల కర్రల్లో కొంత ఆకు గోధుమ రంగు మచ్చలు పట్టింది. స్పాంజింగ్ అంటారు. తేమ బయటికి పోక, పండిన ఆకు ఉమ్మదీసినప్పుడు వస్తుంది.

పొద్దంతా ఇదే ఆలోచన. కట్టె తేమదా? ఆకు తేమదా? చివరికి తేలింది: ఇన్నేళ్ళూ కప్పు సందుల్లోంచి తేమ తనంతట తానే పోయేది. పైన వెంటిలేటర్ తెరవకపోయినా నడిచేది ఆ సందుల వల్లే. ఇప్పుడు సందులు మూశాం, వెంటిలేటర్ మాత్రం పాత లెక్కనే తెరిచాం. కప్పు బిగిస్తే ఆకు పండగానే పై కంత ముందుగా, కొంచెం కొంచెంగా తీయాలి. తడిగుడ్డ థర్మామీటర్ నూట అయిదు దాటకుండా చూడాలి. మామ మాటలో చెప్పాలంటే, ఇల్లు ఊపిరి పీల్చడం మానేసింది.

కాగితం తీసి లెక్క వేశాను. మూడు టన్నుల పచ్చాకు ఎక్కింది, దిగింది 450 కిలోలు. అంటే రెండున్నర టన్నుల నీళ్ళు ఆవిరై పోయాయి. ఈ వేడి దగ్గర కిలో నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 570 కిలో కాలరీలు. మొత్తం పద్నాలుగు లక్షల పైచిలుకు. ఆరిన కట్టె కిలోకి 3500 ఇస్తుందనుకున్నా, నాలుగు వందల కిలోల కట్టె చాలాలి. నిరుడు బ్యారన్ ఒక్కసారి కాల్చడానికి రెండు టన్నులు దాటించాం! అంటే అయిదు దుంగల్లో ఆకు కోసం కాలింది ఒకటి. నాలుగు పొగగొట్టం, గోడ, కప్పు, కంతల పాలు. అన్నీ ఆపలేం. తేమని మోసుకుపోయే గాలి వేడిగానే పోవాలి, పొగ కొంత వేడి లేకపోతే పైకి ఎక్కనే ఎక్కదు. కానీ నాలుగిట్లో ఒకటిన్నర ఆపినా చాలు.

2 ఫిబ్రవరి, ఆదివారం

కట్టె కాటా పెట్టి కాలుస్తున్నాం. నిరుడు కిలో ఎండాకుకి దగ్గర దగ్గర అయిదు కిలోల కట్టె పోయేది. ఈసారి మూడున్నరకీ నాలుగుకీ మధ్య నిలుస్తోంది. తడిసిన అడుగు వరసలు కాల్చిన బ్యారన్‌లో మాత్రం మళ్ళీ అయిదుకి ఎగబాకింది. కప్పు, తలుపు, గొట్టాలు మూడూ బాగున్నా సరే, ఆ ఒక్క తడి కట్టె అన్నిటినీ మింగేసింది.

రాత్రి రెండు గంటలకి లేచి పోయాను. మామ పొయ్యి ముందు గోనె మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళు ఎర్రగా. ముందు ఏళ్ళల్లో ఈ వేళకి ఆయన గురక ఇంటి దాకా వినపడేది. నిలువెత్తు దుంగ వేస్తే రెండు గంటలు పడుకునేవాడు. మూరెడు ముక్కలు అరగంటకి అయిపోతాయి. కట్టె మిగిలింది. మిగిలింది ఎక్కడి నుంచో అప్పుడు కనపడింది.

ఆయన ఏమీ అనలేదు. "వొంట్లో బాగలేదా మామా" అంటే, "బాగానే ఉండాది అబ్బయ్యా, నిద్ర లేదు, అంతే" అన్నాడు. ఆయనకి డెబ్బై దాటాయి. నేను లెక్కలో కిలో కాలరీలు రాశాను, ఇది రాయలేదు. పొయ్యి గురించి పుస్తకాలు, బోర్డు వాళ్ళ శిక్షణలు, టర్బో ఫ్యాన్లు, లూజ్ లీఫ్ బ్యారన్లు అన్నిటిలో కట్టె ఎంత తగ్గుతుందో ఉంటుంది. మంట కాసేవాడు ఎన్నిసార్లు లేవాలో ఎవరూ లెక్క వెయ్యరు. బాగుచేసిన పొయ్యిని వదిలేసి పాత పద్ధతికి పోయారని రైతుల్ని తిడతాం. అర్ధరాత్రి ఆ పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారో చూస్తే సగం కారణం అక్కడే దొరుకుతుంది.

మిగతా రాత్రి నేను కూర్చున్నాను. ఆయన్ని పంపిస్తే పోలేదు. గోనె మీదే ఒరిగాడు.

10 మార్చి, సోమవారం

డీసీపల్లిలో పొగాకు వేలం మొదలైంది. బేళ్ళ వరసల మధ్య కొనేవాళ్ళు, బోర్డు వాళ్ళు, రైతులు, టీ. నిరుడు మంచి ఆకు కిలో 300 దాటింది, ఆ ఆశతోనే అందరూ పంట పెంచారు. ఈసారి కొనేవాళ్ళ మొహాల్లో ఆ తొందర లేదు. మచ్చలు పడ్డ పై వరసల ఆకు విడిగా కట్టాను, దాని సంగతి తర్వాత చూడాలి.

బీడీ కూడా తాగనివాణ్ణి, ఈ ఆకు మీద బతుకుతున్నాను. దీని మాట వచ్చినప్పుడల్లా మేనల్లుడు ఇంకో పంట వెయ్యమంటాడు. ఈ తేలిక నేలలో వర్షం మీద ఇంకేం పండుతుందో, అది ఎవరు కొంటారో మాత్రం వాడు చెప్పడు. బత్తాయి వేసినవాళ్ళు కరువులో ఆ చెట్లే కొట్టి బ్యారన్‌లకి అమ్మారు. నేనూ కొన్నాను. బత్తాయి కట్టె బాగా కాలుతుంది.

6 ఏప్రిల్, శ్రీరామనవమి

పానకం తాగి, పెంచలయ్య మామతో లెక్క చూసుకున్నాను. కూలి అయ్యాక, వచ్చే ఏడాది మాట ఎత్తాను. ఆయన ముందే సిద్ధంగా ఉన్నాడు.

"ఇద్దరుండాల. మా మనవడు చెన్నై నుంచి వచ్చేసినాడు, వాడిని పెడతా. అర్ధరాత్రి దాకా వాడు, ఆడినుంచి నేను."

ఇద్దరి కూలి తగ్గిన కట్టె డబ్బులో కొంత తింటుంది, అంతా తినదు. సరే అన్నాను. ఆయన అక్కడితో ఆగలేదు.

"మూరెడు వద్దు. బారెడు నువ్వొద్దంటివి. మూరన్నర పెట్టు."

"మూరన్నర పెడితే తలుపు పడదు మామా."

"తలుపు ముందుకి జరుపు. దుంగ కోసేదానికన్నా తలుపు జరిపేది తేలికే గదా."

ఇది నాకు తట్టలేదు. పొయ్యి నోరు ముందుకి అరమూర పెంచి, లోపల ఇటుక తొడుగు కట్టి, తలుపు అక్కడ బిగిస్తే మూరన్నర కట్టె మూసిన తలుపు వెనకే కాలుతుంది. ఒకసారి వేస్తే ముప్పావు గంట దాటుతుంది. కోత కూలి కూడా తగ్గుతుంది. పక్కింటాయన కూడా కప్పు వేయిస్తానంటున్నాడు. ముందు వెంటిలేటర్ సంగతి చూసుకోమని చెప్పాను, ఆయనకి అది వినపడినట్టు లేదు. రేపు ఆత్మకూరు పోయి వెల్డింగ్ అతనికి తలుపు కొలత ఇచ్చి, కట్టె ధర ఎక్కకముందే చిల్లకంప రెండు లోడ్లు మాట్లాడి రావాలి. ఈసారి రేకుల షెడ్డు కిందే దింపించాలి.